స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో రిజర్వేషన్ల గురించి మాట్లాడించడం తప్పా?

ప్రశ్న

హనుమకొండ నుంచి ఒక ఉపాధ్యాయిని సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరు, సంస్థ పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక సారాంశం మాత్రమే ఇక్కడ ఇస్తున్నాము. ఆమె ఎం.ఏ. ఇంగ్లీష్, బీఈడీ చేసి, ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో కొన్నేళ్లుగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నారు. సాయంత్రం బ్యాచ్‌లో ఇరవై మందికి పైగా ఉంటారు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు సిద్ధమవుతున్న బీటెక్ చివరి ఏడాది విద్యార్థులు, డిగ్రీ పూర్తిచేసి బ్యాంకు పరీక్షలు రాస్తున్నవారు, ఐఈఎల్‌టీఎస్ రాసి విదేశాలకు వెళ్లాలనుకునేవారు, పిల్లల బడిలో టీచర్లతో ఇంగ్లీషులో మాట్లాడలేకపోతున్నామన్న బాధతో చేరిన ఇద్దరు గృహిణులు, బట్టల దుకాణంలో పనిచేసే ఒక యువకుడు అందులో ఉన్నారు.

"సంస్థ ఇచ్చిన పాత షీట్లలో 'నాకిష్టమైన పండుగ', 'టూరిజం', 'సెల్‌ఫోన్ లాభనష్టాలు' లాంటి టాపిక్కులే ఉంటాయి. నెలల తరబడి వాటినే మాట్లాడించాను. ఇద్దరు ముగ్గురు బట్టీపట్టింది అప్పజెబుతారు, మిగతావాళ్లు తల దించుకుంటారు. విసుగొచ్చి ఒకరోజు మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మీద చర్చ పెట్టాను. అంతవరకు నోరు విప్పని బట్టల దుకాణం అబ్బాయి, వాళ్ల అన్న ఆటో నడుపుతాడట, కిరాయిలు ఎలా పడిపోయాయో తప్పుల ఇంగ్లీషులోనే చెప్పుకొచ్చాడు. ఒకావిడ నర్సంపేటలో ఉన్న తల్లిని ఇప్పుడు ఎవరినీ డబ్బులు అడగకుండా వారం వారం చూసి రాగలుగుతున్నానని చెప్పింది. అంత బాగా జరిగిన క్లాసు నాకు గుర్తులేదు" అని ఆమె రాశారు.

ఆ ఉత్సాహంతో, ఎస్సీ వర్గీకరణ వార్తల్లో ఉండటం చూసి, 'రిజర్వేషన్లు ఉండాలా, వద్దా?' అనే అంశాన్ని గ్రూప్ డిస్కషన్‌కు ఇచ్చారట. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివిన ఒక అబ్బాయి లేచి, మెరిట్ ఉన్నవాళ్లకు సీట్లు రావడం లేదని, 'వాళ్లకు' అన్నీ ఉచితంగా దొరుకుతున్నాయని గడగడా మాట్లాడాడు. బ్యాచ్‌లో అందరికన్నా శ్రద్ధగా చదివే ఒక అమ్మాయి జవాబివ్వడానికి లేచి, "మై ఫాదర్ డోంట్ హ్యావ్ ల్యాండ్" అని మొదలుపెట్టింది. "అలవాటు కొద్దీ 'డజన్ట్ హ్యావ్' అని సరిచేశాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ఆమె కూర్చుంది. ఆ తర్వాత వారం రోజులు రాలేదు. ఇప్పుడు వస్తోంది కానీ చివరి వరుసలో కూర్చుని పిలిస్తే తప్ప పలకడం లేదు."

ఈలోగా ఆ అబ్బాయి తండ్రి డైరెక్టరుకు ఫోన్ చేసి, పిల్లవాణ్ణి పంపింది ఇంగ్లీషు కోసమా, రాజకీయాల కోసమా అని నిలదీశారు. "టెన్సులు, ఇంటర్వ్యూ ప్రశ్నలు చెప్పి పంపించండి మేడమ్, మనకెందుకు ఇవన్నీ" అన్నారు డైరెక్టరు. ఇంట్లో భర్త కూడా అదే మాట అంటున్నారట. "నేను చేసింది తప్పా? మళ్లీ పండుగలు, టూరిజం దగ్గరికే వెళ్లిపోవాలా? ఆ అమ్మాయితో ఏమని మాట్లాడాలి? చర్చల్లో పిల్లలు 'మేడమ్, మీ అభిప్రాయం ఏమిటి?' అని అడిగితే ఏం చెప్పాలి?" ఇవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

మీరు అడిగిన ప్రశ్నలన్నీ ముఖ్యమైనవే. అయితే మీరు ఉత్తరం మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటిపోయిన విషయం దగ్గరే నా మనసు నిలిచిపోయింది. ఆ అమ్మాయి తన తండ్రికి భూమి లేదని చెప్పింది. ఇరవై మంది ఎదుట, తనకింకా పూర్తిగా పట్టుబడని భాషలో, తనవాళ్లను తక్కువ చేసిన మాటకు జవాబుగా చెప్పింది. అందుకు బదులుగా ఆమెకు దక్కింది ఒక క్రియారూపం. మీరు చెడు ఉద్దేశంతో అనలేదని నాకు తెలుసు. రోజంతా తప్పులు దిద్దడమే పనిగా ఉన్నవారి నోటి నుంచి ఆ దిద్దుబాటు ఆలోచించకుండానే వచ్చేస్తుంది. కానీ అబ్బాయి వాక్యాల్లో వ్యాకరణ దోషం లేదు కనుక అవి ఏ అడ్డూ లేకుండా సాగిపోయాయి. ఆమె వాక్యంలో నిజం ఉన్నా దోషం కూడా ఉంది కనుక అది మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. ఇక్కడ ఏం చెప్పామన్నది ఎవరికీ పట్టదు, ఎలా చెప్పామన్నదే లెక్క అని ఆ రోజు క్లాసులోని ప్రతి ఒక్కరికీ అర్థమై ఉంటుంది. ఆమె చివరి వరుసలోకి వెళ్లడానికి కారణం టాపిక్ ఒక్కటే అని నేను అనుకోవడం లేదు.

కాబట్టి ముందు మూడు సంగతులను విడదీసి చూడండి. సామాజిక విషయాన్ని ఇంగ్లీషు క్లాసులోకి తేవడం ఒకటి. దాన్ని 'ఉండాలా, వద్దా' అన్న పందెంగా పెట్టడం రెండోది. మాట్లాడుతున్న మనిషిని మధ్యలో దిద్దడం మూడోది. ఆ తండ్రి, డైరెక్టరు తప్పుపడుతున్నది మొదటిదాన్ని. నా దృష్టిలో మొదటిదాంట్లో తప్పేమీ లేదు, గాయం చేసింది మిగతా రెండూ. ఈ తేడా మీకు స్పష్టమైతే, భయపడి అంతా వదిలేయడమో, పంతానికి పోయి అంతా అలాగే కొనసాగించడమో తప్ప దారి లేదన్న బెంగ తగ్గుతుంది.

మొదటి సంగతి ముందు చూద్దాం. మీ షీట్లలో ఎంతసేపూ పండుగలు, విహారయాత్రలు, షాపింగే ఎందుకు ఉంటాయో తెలిస్తే మీకు కొంత ఊరట కలుగుతుంది. ప్రపంచమంతటా అమ్ముడుపోవాల్సిన ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో రాజకీయాలు, మద్యం, మతం, శృంగారం, మాదకద్రవ్యాలు, రకరకాల 'ఇజాలు', పంది మాంసం ఈ ఏడింటి జోలికీ పోకూడదన్న అలిఖిత నియమం ప్రచురణకర్తల్లో చాలాకాలంగా ఉంది. ఆ ఏడింటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'పార్స్‌నిప్' అని ఉపాధ్యాయులు దానికి పేరు కూడా పెట్టుకున్నారు. ఒకే పుస్తకం ఏ దేశంలోనూ నిషేధానికి గురికాకుండా అమ్ముడుపోవాలన్నది ఆ జాగ్రత్త వెనక ఉన్న కారణం. నేర్చుకునేవాళ్లకు అవి పనికిరావని ఎవరూ నిర్ణయించలేదు. ఎక్కడో ఉన్న వ్యాపార అవసరం కోసం చేసుకున్న ఏర్పాటు, ఎన్నో చేతులు మారి, హనుమకొండలో మీ చేతికి షీటు రూపంలో వచ్చింది. దానికి మీరు కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే సంప్రదాయం కూడా చదువుల చరిత్రలో ఉంది. 1963లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలోని అంజికోస్ అనే చిన్న పట్టణంలో ఆ దేశపు విద్యావేత్త పావులో ఫ్రెయిరీ, ఆయన సహచరులు కూలిపని చేసుకునే పెద్దవాళ్లకు చదవడం, రాయడం నేర్పినప్పుడు అక్షరమాలతో మొదలుపెట్టలేదు. వాళ్ల పని, కూలి, ఇల్లు చుట్టూ తిరిగే మాటలను ఎంచుకుని, ముందు వాటి గురించి మాట్లాడించి, ఆ తర్వాత అక్షరాల్లోకి తీసుకెళ్లారు. మీ ఉచిత బస్సు క్లాసులో జరిగింది కూడా దాదాపు అదే. ఆటో కిరాయిల గురించి మాట్లాడిన అబ్బాయికి ఆ రోజు ఇంగ్లీషు కొత్తగా రాలేదు. చెప్పి తీరాల్సిన సంగతి మొదటిసారి దొరికింది. చెప్పాల్సింది ఉన్నప్పుడు మనిషి మాటల కోసం వెతుకుతాడు, అలా వెతికి పట్టుకున్న మాట గుర్తుంటుంది.

ఇక ఆ రెండు క్లాసుల మధ్య తేడా ఏమిటో చూడండి. ఉచిత బస్సు ఒక ఏర్పాటు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మొదలైంది. పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రంలోని మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు టికెట్ డబ్బులు లేకుండా ప్రయాణించవచ్చు. దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి కష్టం వచ్చింది, ఆ కష్టాన్ని ఎలా తీర్చాలి అని ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఆటో నడిపేవాళ్ల ఇంటి మనిషి, బస్సెక్కే మనిషి ఎదురెదురుగా కూర్చున్నా, ఏ ఒక్కరి విలువా అక్కడ ప్రశ్నార్థకం కాదు. 'రిజర్వేషన్లు ఉండాలా, వద్దా' అన్నప్పుడు మాత్రం, పైకి అది కూడా ఒక విధానం గురించిన ప్రశ్నలాగే కనిపించినా, ఆ గదిలో కూర్చున్న కొందరికి 'నువ్వు ఈ కుర్చీలో కూర్చోవడానికి అర్హురాలివేనా' అని వినిపిస్తుంది. మిగతావాళ్లు అభిప్రాయం చెబితే చాలు, వాళ్లు మాత్రం తమ ఉనికికి సంజాయిషీ చెప్పుకోవాలి. ఇది సమానమైన ఆట కాదు.

దానికి తోడు ఇంగ్లీషు క్లాసులో మాత్రమే ఉండే మరో అసమానత ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు కనుక కొంచెం వివరంగా చెబుతాను. తెలుగులో చర్చ జరిగి ఉంటే ఆ అమ్మాయి తన తండ్రి గురించి, కూలి గురించి, హాస్టల్ చదువు గురించి, స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందోనని ఎదురుచూసిన నెలల గురించి తడుముకోకుండా చెప్పగలదు. ఆ విషయం మీద ఆ గదిలో అందరికన్నా ఎక్కువ తెలిసిన మనిషి బహుశా ఆమే. కానీ చర్చ ఇంగ్లీషులో కావడంతో, తెలిసిన మనిషి తడబడింది, తెలియని మనిషి గడగడా మాట్లాడాడు. గడగడా మాట్లాడినవాడే గెలిచినట్టు వినేవాళ్లకు అనిపిస్తుంది. పైగా ఇంగ్లీష్ మీడియం చదువు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అన్నది కూడా ఆ చర్చలోని విషయమే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం విస్తృతంగా మొదలైంది 2022-23లో. మీ బ్యాచ్‌లోని వాళ్లు అప్పటికే బడి దాటిపోయినవాళ్లు. కాబట్టి ఫీజులు కట్టి కాన్వెంటులో చదివించగలిగిన ఇళ్ల పిల్లలకు, కట్టలేని ఇళ్ల పిల్లలకు మధ్య ఉన్న ఆ దూరమే, ఆ రోజు చర్చలో ఎవరు నెగ్గాలో ముందే నిర్ణయించేసింది.

ఇదే భాషా పరిమితి ఆ అబ్బాయి వైపు నుంచి కూడా పనిచేసి ఉండవచ్చు. తెలుగులో మనం ఒక కటువైన మాట అనాల్సి వస్తే 'అంటుంటారు', 'నాకు తెలిసినంతలో', 'ఏమో మరి', 'అనుకుంటాను' అని ఎన్నో విధాలుగా దాని పదును తగ్గిస్తాం. ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లకు, గడగడా మాట్లాడేవాళ్లతో సహా, ఆ మెత్తదనం తెచ్చే వాక్యాలు ఎవరూ నేర్పరు. 'దే గెట్', 'దే టేక్' అనే ముతక వాక్యాలే చేతిలో ఉంటాయి. అతను అన్నదాన్ని నేను సమర్థించడం లేదు. ఆ మాటలోని అవమానం అవమానమే. కాకపోతే 'ఐ మే బి రాంగ్, బట్', 'యాజ్ ఫార్ యాజ్ ఐ నో', 'వుడ్ ఇట్ బి ఫెయిర్ టు సే', 'ఐ సీ యువర్ పాయింట్' వంటివి నేర్పడం మీ ఉద్యోగంలో భాగమే. ఇలాంటి చర్చకు ముందు ఇరవై నిమిషాలు వాటి మీదే గడిపి, అవి వాడకుండా ఎవరూ విభేదించకూడదని నియమం పెడితే, మర్యాద నేర్పినట్టూ ఉంటుంది, ఇంగ్లీషు నేర్పినట్టూ ఉంటుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. డైరెక్టరు చెప్పినట్టు పూర్తిగా పాత షీట్లకు వెళ్లిపోవచ్చు. ఫోన్లు రావు, ఉద్యోగానికి ఇబ్బంది ఉండదు, ఇంట్లో మాట పడాల్సిన పని ఉండదు. అది చిన్న లాభం కాదు, జీతం మీద ఇల్లు నడిచే మనిషికి దాన్ని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు. కానీ ఆ రోజు జరిగినదాని తర్వాత అకస్మాత్తుగా పండుగల టాపిక్కు వస్తే, ఆ అమ్మాయి దాన్ని ఎలా అర్థం చేసుకుంటుంది? తాను నోరు విప్పినందువల్లే చర్చలు ఆగిపోయాయని అనుకుంటుంది. ఆ అబ్బాయేమో తన తండ్రి ఫోనుతో పని జరిగిందని అనుకుంటాడు. మౌనంగా వెనక్కి వెళ్లడం ఈ పరిస్థితిలో తటస్థత కాదు, ఒక పక్షం వహించడమే అవుతుంది. కనుక ఈ దారి ఎంచుకున్నా, ఎందుకు ఆపుతున్నారో క్లాసుకు మీ నోటితో చెప్పాలి.

రెండో దారి, ఏమీ జరగనట్టు ఇప్పటిలాగే వేడి వేడి టాపిక్కులతో 'ఫర్', 'అగైనెస్ట్' పందేలు కొనసాగించడం. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. క్యాంపస్ జీడీలకు, అంటే గ్రూప్ డిస్కషన్లకు, ఇలాంటి సాధన కావాలని మీరు అనవచ్చు. కంపెనీల జీడీల్లో చూసేది ఎదుటివాడిని నోరు మూయించే శక్తిని కాదు. వింటున్నాడా, చర్చను ముందుకు తీసుకెళుతున్నాడా, మాట్లాడనివాళ్లను మాట్లాడనిస్తున్నాడా అన్నది చూస్తారు. గొంతు పెంచి గెలవడం అలవాటైన విద్యార్థి అక్కడ నష్టపోతాడు. రెండోసారి ఇలాంటి గాయం జరిగితే ఆ అమ్మాయి ఈసారి ఫీజు వదులుకునైనా మానేస్తుంది. ఆమెతో పాటు బయటకు చెప్పుకోని మరో ఇద్దరు ముగ్గురు కూడా మానేయవచ్చు.

మూడో దారి, సామాజిక విషయాలను వదలకుండా వాటిని తెచ్చే తీరు మార్చడం. నా మొగ్గు దీనివైపే. ఇది ఎక్కువ శ్రమ, ఎక్కువ తయారీ కోరుతుంది. ఆ శ్రమకు సంస్థ అదనంగా ఏమీ ఇవ్వదన్నది కూడా లెక్కలోకి తీసుకుని మీరే నిర్ణయించుకోవాలి.

తీరు మార్చడమంటే ప్రశ్న అడిగే విధానం దగ్గర మొదలుపెట్టాలి. మనుషుల యోగ్యత గురించి కాకుండా ఏర్పాట్ల పనితీరు గురించి అడగండి. ఉచిత బస్సు అలాంటిది. మీ విద్యార్థులందరికీ సొంత అనుభవం ఉన్న మరో విషయం బోధనా మాధ్యమం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన బడుల్లో ఇంగ్లీష్ మీడియాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు ఇవ్వడం, 2020 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టు వాటిని కొట్టివేయడం, వీలైనంతవరకు మాతృభాషలో బోధన జరగాలన్న 2009 విద్యాహక్కు చట్టంలోని మాట ఆ వివాదంలో ముందుకు రావడం, తల్లిదండ్రుల్లో చాలామంది మాత్రం ఇంగ్లీషే కావాలనడం, ఇదంతా మీ క్లాసులో కూర్చున్న ప్రతి మనిషి జీవితంతో ముడిపడి ఉంది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఏం పొందారు, ఏం పోగొట్టుకున్నారు, తమ పిల్లలను ఎక్కడ చేర్పిస్తారు అని అడిగి చూడండి. ఇంగ్లీషు తక్కువ వచ్చినవాళ్లే ఇక్కడ ఎక్కువ చెప్పగలరు. బడిలో మాట్లాడలేకపోతున్నామని మీ దగ్గర చేరిన ఆ గృహిణుల మాట ఈ చర్చలో అన్నిటికన్నా విలువైనది కావచ్చు.

అందరూ ఒకే జవాబు చెప్పక తప్పని ప్రశ్నలు కూడా పనికిరావు. 'వరకట్నం మంచిదా, చెడ్డదా' అంటే చెడ్డదని అందరూ అప్పజెబుతారు, రెండు నిమిషాల్లో చర్చ ముగుస్తుంది. కట్నం తీసుకోవడమే కాక ఇవ్వడం కూడా 1961 చట్టం ప్రకారం నేరమని చెప్పి, ఇచ్చేవాళ్లను శిక్షించాలనడం న్యాయమేనా, 'మా అమ్మాయికి మేం ఇష్టంగా పెట్టుకున్నాం' అనేదానికీ కట్నానికీ గీత ఎక్కడ గీస్తారు అని అడిగితే మాటలు పుడతాయి.

మరి రిజర్వేషన్ల అంశం ఎప్పటికీ వద్దా? వద్దని నేను అనను. కాకపోతే ఈ బ్యాచ్‌తో ఇప్పట్లో వద్దు. మరో బ్యాచ్‌తో, మీకు వాళ్లూ, వాళ్లకు మీరూ బాగా అలవాటయ్యాక పెట్టినా, అభిప్రాయాలతో కాకుండా ఒక పేజీ చదవడంతో మొదలుపెట్టండి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తేడాతో ఎస్సీలలో ఉపవర్గీకరణకు రాష్ట్రాలకు అధికారం ఉందని తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో అమల్లోకి వచ్చిన చట్టం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులుగా చేసి, ఉన్న 15 శాతాన్ని 1, 9, 5 శాతాలుగా పంచింది. 2019లో 103వ రాజ్యాంగ సవరణ ద్వారా, ఇతర రిజర్వేషన్ల పరిధిలోకి రాని ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం వచ్చింది, దాన్ని 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 తేడాతో సమర్థించింది. ఇవన్నీ సులభమైన ఇంగ్లీషులో ఒక పేజీ రాసి ఇస్తే, 'వాళ్లకు అన్నీ ఉచితం' అన్నంత తేలిగ్గా మాట్లాడటం ఎవరికైనా కష్టమవుతుంది. చదివింది చెప్పడం ముందు, అనిపించింది చెప్పడం తర్వాత. అప్పుడు కూడా ఎవరినీ 'మీది ఏ గ్రూపు' అని అడిగే పరిస్థితి రానివ్వకండి. తన కులం చెప్పాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదే, క్లాసు కోసం ఎవరూ దాన్ని వదులుకోనక్కర్లేదు. ఎవరైనా కులం పేరును తిట్టుగా వాడితే మాత్రం ఆ క్షణమే చర్చ ఆపండి. అది అభిప్రాయం కిందికి రాదు. ఎస్సీ, ఎస్టీ వారి విషయంలో 1989 అత్యాచారాల నిరోధక చట్టం కిందికి రావచ్చు.

దిద్దడం గురించి కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. మాట్లాడే సమయం వేరు, దిద్దే సమయం వేరు అని క్లాసుకు ముందే చెప్పండి. చర్చ జరుగుతున్నంతసేపూ మీ చేతిలో నోట్‌బుక్ ఉంటుంది, నోరు మాత్రం ప్రశ్నలకే తెరుచుకుంటుంది. చివరి పది నిమిషాల్లో ఎవరి పేరూ చెప్పకుండా కొన్ని వాక్యాలు బోర్డు మీద రాసి అందరిచేతా దిద్దించండి. ఒకరి ఇంటి కష్టం ఉన్న వాక్యాన్ని మాత్రం బోర్డు మీదికి ఎక్కించకండి. అదే తప్పు ఉన్న మరో మామూలు వాక్యం తయారు చేసుకోండి. చర్చకు ముందు అయిదు నిమిషాలు ఇద్దరిద్దరుగా తెలుగులో మాట్లాడుకోనివ్వండి. తెలుగు వినిపిస్తే జరిమానా వేసే సంస్థలు ఉన్నాయని తెలుసు, మీ దగ్గర కూడా ఆ నియమం ఉందేమో. ఏం చెప్పాలో తెలుగులో తేల్చుకున్న మనిషి ఎలా చెప్పాలన్నదాని మీద మనసు పెట్టగలడు.

ఆ అమ్మాయి విషయం. క్లాసు ముందు క్షమాపణ చెప్పాలని మీకు అనిపించవచ్చు. అది మీ మనసుకు తేలికగా ఉంటుంది, కానీ అందరి చూపూ మళ్లీ ఆమె మీదికే వస్తుంది, దాచుకోవాలనుకున్న బాధ మరోసారి బయట పడుతుంది. విడిగా, క్లాసు అయ్యాక మాట్లాడటం మేలు. 'ఆ రోజు నువ్వు ముఖ్యమైన విషయం చెబుతున్నావు, నేను మధ్యలో ఆపాను, అలా ఆపకూడదు' అన్నంత చాలు. ఆమె కులం గురించి గానీ, ఇంటి పరిస్థితి గురించి గానీ మీరుగా అడగవద్దు, ధైర్యం చెబుతూ ప్రసంగం చేయవద్దు. ఆ రోజు చెప్పాలనుకున్నది రాసి ఇవ్వాలని ఉంటే చదువుతాను, లేకపోయినా ఫరవాలేదు అనండి. ఆమె ఏమీ రాయకపోవచ్చు. ముందు వరుసలోకి రావడానికి నెలలు పట్టవచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. నమ్మకం మళ్లీ కలిగించడం మీ వంతు, ఎప్పుడు నమ్మాలన్నది ఆమె ఇష్టం.

ఆ అబ్బాయిని కూడా వదిలేయకండి. అందరి ముందు మందలిస్తే తండ్రి నుంచి మరో ఫోన్ వస్తుంది, అతను తన మాటకే మరింత గట్టిగా అతుక్కుంటాడు. విడిగా పిలిచి, 'వాళ్లు' అన్నప్పుడు ఆ గదిలో ఉన్నవాళ్ల గురించే అన్నాడని చెప్పండి. బహుశా అతనికి ఆ ఆలోచనే వచ్చి ఉండదు. తర్వాతి చర్చలో అతనికి సంధానకర్త పని ఇవ్వండి. సొంత అభిప్రాయం చెప్పకుండా, ఇతరులు చెప్పింది సరిగ్గా తిరిగి చెప్పడమే ఆ పని. గడగడా మాట్లాడేవాళ్లకు అంతకన్నా కష్టమైన సాధన లేదు, వెనక నవ్విన వ్యక్తికి కూడా వంతు వచ్చేలా చూడండి.

మీ అభిప్రాయం అడిగితే చెప్పకపోవడానికీ, చెప్పడానికీ రెండింటికీ ఖరీదు ఉంది. ముందే చెప్పేస్తే, మార్కులు, ఫీజు, సర్టిఫికెట్ మీ చేతిలో ఉన్నాయి కనుక చాలామంది మీ మాటే తిరిగి అప్పజెబుతారు. ఎప్పటికీ చెప్పకపోతే, ఒకరు అవమానపడుతున్నా మేడమ్‌కు పట్టదని అనిపిస్తుంది. ప్రభుత్వ పథకాలు, విధానాల మీద మీ అభిప్రాయాన్ని చివరిదాకా దాచుకోండి, అప్పుడు కూడా 'ఇది నా అభిప్రాయం' అని చెప్పండి. ఒక మనిషి గౌరవం విషయంలో మాత్రం దాచుకోవద్దు, వెంటనే చెప్పండి.

ఇక డైరెక్టరు. ఆయనతో ఆదర్శాల గురించి వాదించడం కన్నా ఆయనకు అర్థమయ్యే లెక్కలో మాట్లాడటం మంచిది. ఐఈఎల్‌టీఎస్ మౌఖిక పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. అందులో మూడో భాగం, నాలుగైదు నిమిషాలు, పూర్తిగా చర్చే. రెండో భాగంలో సొంత అనుభవం గురించి చెప్పాక, దానికి సంబంధించిన సామాజిక ప్రశ్నలు మూడో భాగంలో అడుగుతారు. ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ ఈ నాలుగింటికే అక్కడ మార్కులు, అభిప్రాయానికి కాదు. పండుగల మీద బట్టీపట్టిన రెండు నిమిషాలతో ఆ భాగం దాటడం సాధ్యం కాదు. ఈ సంగతి చెప్పి, వారంలో ఒక్క రోజు చర్చకు అడగండి, టాపిక్కుల జాబితా, చదివించే పేజీ ముందుగా ఆయనకు చూపిస్తానని చెప్పండి. ఎన్నికల పార్టీల గురించి, దేవుళ్ల గురించి చర్చ ఉండదని రాతపూర్వకంగా ఒప్పుకోవడంలో మీకు పోయేదేమీ లేదు. ఆ తండ్రికి ఫోన్ చేయాల్సి వస్తే ఆ పేజీయే ఆయనకు జవాబు.

ఆయన అప్పటికీ వద్దంటే, ఉద్యోగం వదిలేయమని నేను చెప్పను. ఇంట్లో ఖర్చులేమిటో, మరో సంస్థలో అవకాశం ఉందో లేదో మీకే తెలుసు. మీ భర్తకు కూడా జరిగినదంతా, ఆ అమ్మాయి వాక్యంతో సహా, ఒకసారి నెమ్మదిగా చెప్పండి. ఆయన విన్నది బహుశా డైరెక్టరు ఫోన్ సంగతి మాత్రమే కావచ్చు. అనుమతి దొరకకపోయినా టెన్సులు చెప్పే స్వేచ్ఛ మీకుంది కదా. ప్రెజెంట్ పర్ఫెక్ట్ నేర్పే రోజున 'ఐ హ్యావ్ విజిటెడ్ గోవా' అని రాయించే బదులు, ఉచిత బస్సు వచ్చాక మీ ఇంట్లో ఏమేం మారాయో అయిదు వాక్యాల్లో చెప్పమనండి. 'యూజ్డ్ టు' నేర్పేటప్పుడు మీ అమ్మానాన్నలు ఏ పని చేసేవారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని కాక, మీ వీధిలో ఇంతకుముందు ఏముండేది, ఇప్పుడేముంది అని అడగండి. ఇంటి సంగతి చెప్పాలనుకున్నవాళ్లు వాళ్లంతట వాళ్లే చెబుతారు. కండిషనల్స్ వచ్చినప్పుడు 'నేను మా ఊరి సర్పంచ్‌నైతే' అని మొదలుపెట్టించండి. ఇవన్నీ డైరెక్టరు అడిగిన టెన్సుల పాఠాలే, షీటులో ఏ గడిలోనైనా రాసుకోవచ్చు.